భూగర్భ శక్తికి జియోఫిజిక్స్ పోస్టులెందుకు: గ్రోనింగెన్ నుంచి కోనసీమ దాకా

క్లుప్తంగా

భూమి లోపలి వేడిని పైకి తేవడం, కార్బన్ డయాక్సైడ్‌ను కింద దాచడం, హైడ్రోజన్‌ను నిల్వ చేయడం కోసం యూరప్ యూనివర్సిటీలు జియోఫిజిక్స్ పరిశోధకులను తీసుకుంటున్నాయి. ఈ మూడు పనుల్లోనూ లోతున ఉన్న రాతిలో ఒత్తిడి మారుతుంది. ఆ మార్పును పైనుంచే పసిగట్టి, ప్రమాదం ఎంతో ముందుగా చెప్పడమే ఈ పోస్టుల అసలు పని. నెదర్లాండ్స్, స్విట్జర్లాండ్, దక్షిణ కొరియాలకు ఈ అవసరం అనుభవం మీదే తెలిసింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకూ ఈ విషయంతో నేరుగా సంబంధం ఉంది.

జియోఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసిన తెలుగు విద్యార్థి ముందున్న దారులు చాలాకాలంగా తెలిసినవే. ఓఎన్‌జీసీ, ఆయిల్ ఇండియా, ఏదైనా సర్వీసు కంపెనీ, భూగర్భ జల శాఖ, లేదంటే హైదరాబాద్ ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ. ఇప్పుడు విదేశీ యూనివర్సిటీల ప్రకటనల్లో ఇంకో రకం పోస్టు కనిపిస్తోంది. సుస్థిర భూగర్భ శక్తి అనే మాట కింద జియోథర్మల్ (భూమి లోపలి వేడి వాడకం), హైడ్రోజన్ నిల్వ, కార్బన్ నిల్వ, మనిషి పనుల వల్ల వచ్చే భూకంపాలు అన్నీ ఒకే పోస్టులో ఉంటాయి. చదివినవాళ్లకు సహజంగానే సందేహాలొస్తాయి. ఇది చమురు ఉద్యోగమేనా? కాకపోతే రోజూ చేసే పనేమిటి? సోలార్, గాలిమరలు ఉండగా నేల కిందికి వెళ్లడం ఎందుకు?

చివరి ప్రశ్నకు జవాబు చిన్నది. యూరప్ ఇళ్లలో వాడే శక్తిలో పెద్ద భాగం గదులు వెచ్చబెట్టుకోవడానికే పోతుంది. ఆ వేడి చలికాలం రాత్రి కావాలి, సూర్యుడు లేనప్పుడు కావాలి. నేల కింద వేడి ఏడాది పొడవునా ఒకేలా ఉంటుంది. వేసవిలో మిగిలిన కరెంటుతో చేసిన హైడ్రోజన్‌ను చలికాలం దాకా దాచాలంటే, అంత పెద్ద చోటు దొరికేది కూడా నేల కిందే. మిగతా ప్రశ్నలకు జవాబు కావాలంటే జియోఫిజిక్స్ ఏం చూస్తుందో, ఏం చూడలేదో ముందు తెలియాలి.

బోరు పాయింటు నుంచి మూడు కిలోమీటర్ల లోతుకు

అనంతపురంలోనో మహబూబ్‌నగర్‌లోనో బోరు వేయించే రైతు ముందు పాయింటు పెట్టించుకుంటాడు. కొందరు కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని పొలమంతా నడిచే మనిషిని పిలుస్తారు. కొందరు మీటరు తెచ్చే జియాలజిస్టును పిలుస్తారు. ఆ మీటరుకు నాలుగు కడ్డీలుంటాయి. నాలుగింటినీ ఒకే వరసలో నేలలో దిగ్గొట్టి, చివరి రెండింటి గుండా కరెంటు పంపుతారు. మధ్య రెండింటి దగ్గర వోల్టేజి కొలుస్తారు. గట్టి గ్రానైట్ కరెంటును అడ్డుకుంటుంది. నీళ్లున్న పగుళ్ల రాయి దాన్ని పోనిస్తుంది. చివరి కడ్డీలను దూరం జరిపేకొద్దీ కరెంటు ఇంకా లోతుకు దిగుతుంది. ఒక్క తట్ట మట్టి తీయకుండా లోపల ఏముందో ఇలా అంచనా వేస్తారు. జియోఫిజిక్స్ అంతా ఈ ఒక్క ఆలోచన మీదే నిలబడింది.

లోతు రెండు మూడు కిలోమీటర్లయితే కరెంటు కన్నా శబ్ద తరంగాలు మెరుగ్గా పనిచేస్తాయి. బరువైన ట్రక్కు ఆగి, కింద ఉన్న పలకను నేలకు ఆనించి కొన్ని సెకన్ల పాటు వణికిస్తుంది. ఆ వణుకు లోపలికి పోయి, ఒక రాతిపొర నుంచి ఇంకో పొరకు మారే చోట కొంత వెనక్కి తిరుగుతుంది. కిలోమీటర్ల పొడవునా పరిచిన జియోఫోన్లు అనే సెన్సర్లు ఆ ప్రతిధ్వనిని పట్టుకుంటాయి. తరంగం వెళ్లి రావడానికి 2 సెకన్లు పట్టి, రాతిలో దాని వేగం సెకనుకు 3 కిలోమీటర్లయితే, ఆ పొర 3 కిలోమీటర్ల లోతున ఉన్నట్టు.

చిక్కంతా ఆ వేగం దగ్గరే ఉంది. రాతిలో వేగమెంతో ఎవరూ ముందుగా చెప్పరు, అదీ కొలతల నుంచే రాబట్టుకోవాలి. అందులో పది శాతం తప్పితే పొర లోతు 300 మీటర్లు తేడా వస్తుంది. ఇసుకరాయి పొర మందమే 100 మీటర్లయితే, ఆ తప్పుతో దిగిన బోరు కావలసిన పొర దగ్గరికి చేరకముందే ఆగిపోవచ్చు. అందుకే ఈ పరిశోధనలో సగం లెక్క, సగం అనుమానం. ఒకే కొలతకు సరిపోయే చిత్రాలు చాలా ఉంటాయి. వాటిలో ఏది ఎంత నమ్మదగినదో అంకెల్లో చెప్పగలిగినవాడే మంచి జియోఫిజిసిస్టు.

చమురు వెతకడానికీ ఈ కొత్త పనికీ తేడా కాలంలో ఉంది. చమురు కంపెనీకి మొదట కావలసింది ఒక మంచి ఫొటో, ఎక్కడ దిగాలో చూపితే చాలు. వేడి నీళ్ల బావినో కార్బన్ నిల్వనో నడిపేవాళ్లకు దశాబ్దాల పాటు ఆగకుండా నడిచే సినిమా కావాలి. పంపిన చల్లటి నీళ్లు ఎంతదూరం వచ్చాయి, దాచిన వాయువు ఎటు జరిగింది, పాత పగులు ఏదైనా కదులుతోందా అని ఎప్పటికప్పుడు చూస్తూ ఉండాలి. ఖర్చులోనూ తేడా ఉంది. ఊరికి వేడి నీళ్లిచ్చే ప్రాజెక్టుకు చమురు క్షేత్రానికి వచ్చినంత ఆదాయం రాదు, ఏటా ట్రక్కులు తిప్పి సర్వే చేయించే స్తోమత ఉండదు. తక్కువ ఖర్చుతో ఎక్కువకాలం చూడగలిగే పద్ధతులు కావాలి. యూనివర్సిటీల అవసరం ఇక్కడే మొదలవుతుంది.

గ్రోనింగెన్: తీసినందుకు కుంగిన నేల

నెదర్లాండ్స్ ఉత్తరాన గ్రోనింగెన్ ప్రాంతంలో 1959లో స్లోక్టెరెన్ అనే ఊరి దగ్గర సహజవాయువు పడింది. దాదాపు 2.8 లక్షల కోట్ల ఘనపు మీటర్ల నిల్వ, యూరప్‌లోనే అతి పెద్దది. 1963లో ఉత్పత్తి మొదలైంది. షెల్, ఎక్సాన్‌మొబిల్ సగం సగం భాగస్వాములుగా ఉన్న ఎన్‌ఏఎం అనే కంపెనీ దాన్ని నడిపింది. దేశంలో ఇంటింటికీ గ్యాస్ పైపు వచ్చింది. పార్లమెంటు విచారణ తేల్చిన లెక్క ప్రకారం దశాబ్దాల్లో ప్రభుత్వ ఖజానాకు చేరిన సొమ్ము దాదాపు 36 వేల కోట్ల యూరోలు.

1986 డిసెంబరులో అస్సెన్ పట్టణం దగ్గర చిన్న భూకంపం వచ్చింది. అక్కడ భూకంపాలు వచ్చిన చరిత్ర లేదు. మీంట్ వాన్ డెర్ స్లౌస్ అనే భౌగోళిక శాస్త్రవేత్త ఇది గ్యాస్ తీయడం వల్లేనన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు, ఆయన్ను ఎగతాళి చేశారు. గ్యాస్ వెలికితీతకూ భూకంపాలకూ సంబంధం ఉండొచ్చని అధికారికంగా ఒప్పుకోవడానికి 1993 దాకా పట్టింది.

జరిగే తీరు తెలిస్తే ఆయన మాటలో వింతేమీ కనిపించదు. 3 కిలోమీటర్ల లోతున ఉన్న ఇసుకరాయిలో రేణువుల మధ్య సందుల్లో గ్యాస్ తీవ్రమైన ఒత్తిడితో ఇరుక్కుని ఉంటుంది. పైనున్న రాతి బరువును రేణువులూ గ్యాసూ కలిసి మోస్తాయి. గ్యాస్ తీసేకొద్దీ ఆ బరువంతా రేణువుల మీదే పడుతుంది. ఇసుకరాయి నెమ్మదిగా నలిగి పలచబడుతుంది. ఇది అన్నిచోట్లా సమానంగా జరగదు. పాత పగులుకు ఒకపక్క రాయి ఎక్కువ నలిగి, ఇంకోపక్క తక్కువ నలిగితే ఆ పగులు వెంట బిగువు పెరుగుతూ పోయి, ఒకరోజు చటుక్కున జారుతుంది. పైన ఇల్లు ఊగుతుంది.

2012 ఆగస్టు 16న హౌజింగె గ్రామం దగ్గర 3.6 తీవ్రతతో భూకంపం వచ్చింది. హిమాలయాల కింద అయితే ఆ అంకెను ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఇక్కడ మాత్రం కేంద్రం లోతు 3 కిలోమీటర్లే. పైన మెత్తటి బంకమట్టి కుదుపును ఇంకా పెంచుతుంది. ఇళ్లన్నీ భూకంపం ఊహే లేకుండా కట్టిన ఇటుక ఇళ్లు. గోడలు బీటలిచ్చాయి, పొగగొట్టాలు కదిలాయి.

తర్వాత జరిగింది ఇంకా బాధాకరం. గనుల పర్యవేక్షణ విభాగం 2013 జనవరిలో ఉత్పత్తిని వీలైనంత త్వరగా తగ్గించమని సలహా ఇచ్చింది. ఆ ఏడాదే ఉత్పత్తి దాదాపు 5,400 కోట్ల ఘనపు మీటర్లకు పెరిగింది, అంతకుముందు ఎన్నో ఏళ్లలో లేనంతగా. ఆ తర్వాతి పదేళ్లు ఉత్తర గ్రామాల్లో జనం ఇంటి గోడకు దన్నుగా దుంగలు పెట్టుకుని, పరిహారం దరఖాస్తులు నింపుతూ, మళ్లీ ఎప్పుడు ఊగుతుందోనన్న టెన్షన్‌తో బతికారు. 2023 ఫిబ్రవరిలో వచ్చిన పార్లమెంటు విచారణ నివేదిక, గ్యాస్ ప్రయోజనాల ముందు గ్రోనింగెన్ జనం భద్రత వెనక్కిపోయిందని తేల్చింది. 2023 అక్టోబరు 1న ఉత్పత్తి ఆపేశారు. మరుసటి ఏడాది దాన్ని శాశ్వతంగా మూసే చట్టం వచ్చింది.

ఈ కథలో యూనివర్సిటీ పోస్టుల ఊసు ఎక్కడుంది? విచారణలో బయటపడ్డ లోపాల్లో ఒకటి జ్ఞానానికి సంబంధించినది. నేల కింద ఏం జరుగుతోందో తెలిసిన నిపుణులు, నమూనాలు, కొలతలు ఎక్కువ భాగం గ్యాస్ తీసే కంపెనీ చేతిలోనే ఉన్నాయి. ఎదురు ప్రశ్న వేయడానికి ప్రభుత్వం దగ్గరా యూనివర్సిటీల దగ్గరా అంత బలం లేదు. ఆ లోటు పూడ్చడానికి ఆ విచారణకు ముందే డీప్‌ఎన్‌ఎల్ అనే పరిశోధన కార్యక్రమం మొదలైంది. డబ్బు గ్యాస్ కంపెనీదే, కానీ ఎంపిక, నిర్వహణ జాతీయ పరిశోధన మండలివి. పీహెచ్‌డీ, పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన) పోస్టులు అలా పుట్టాయి. ఎవరి పనిని తనిఖీ చేయాలో వాళ్ల చేతికి తాళం ఇవ్వకూడదన్న పాఠం ఆ ఏర్పాటులో ఉంది.

బాసెల్, పోహాంగ్: పంపినందుకు కదిలిన నేల

గ్రోనింగెన్‌లో తీయడం వల్ల సమస్య వచ్చింది. బాసెల్‌లో పంపడం వల్ల వచ్చింది.

స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరం 1356లో పెద్ద భూకంపానికి కూలిపోయిన ఊరు. 2006లో అదే నగరం కింద 5 కిలోమీటర్ల బావి తవ్వి, వేడి రాతిలోకి నీళ్లు బలంగా పంపడం మొదలుపెట్టారు. అంత లోతున రాయి వేడిగా ఉంటుంది గానీ గట్టి గ్రానైట్‌లో నీళ్లు పారే దారులుండవు. ఒత్తిడితో సన్నటి పగుళ్లు తెరిస్తే ఒక బావిలో చల్లటి నీళ్లు పోసి, ఇంకో బావిలోంచి వేడి నీళ్లు తీసుకోవచ్చన్నది ఆలోచన.

పగులు రెండు ముఖాలూ ఒకదాన్నొకటి గట్టిగా నొక్కుకుని ఉంటాయి, ఆ రాపిడే జారకుండా ఆపుతుంది. మధ్యలోకి నీళ్ల ఒత్తిడి చేరితే ముఖాలు కాస్త విడిపడతాయి, రాపిడి తగ్గుతుంది. అప్పటికే బిగుసుకుని ఉన్న పగులైతే జారిపోతుంది. తడి గచ్చు మీద కాలు జారినట్టే. బాసెల్‌లో ఆరు రోజుల్లో దాదాపు 11,500 ఘనపు మీటర్ల నీళ్లు పంపారు. చిన్న చిన్న కుదుపులు పెరుగుతుంటే, కుదుపు హద్దు దాటితే పని ఆపాలనే ట్రాఫిక్ సిగ్నల్ పద్ధతి ప్రకారం డిసెంబరు 8న పంపు ఆపేశారు. ఆపిన కొన్ని గంటల తర్వాత, సాయంత్రం, 3.4 తీవ్రతతో భూకంపం వచ్చింది. పెద్ద నష్టమేమీ లేదు, గోడలకు బీటలు వచ్చాయి. కానీ జనం నమ్మకం పోయింది. 2009లో ప్రాజెక్టును పూర్తిగా వదిలేశారు.

పంపు ఆపాక భూకంపం రావడం ఈ రంగంలో అందరూ చదివే పాఠం. ఆపిన వెంటనే లోపలి ఒత్తిడి పోదు. నీళ్లు పగుళ్ల వెంట ఇంకా పాకుతూ, అప్పటిదాకా తడవని పగులును చేరతాయి. అంటే ఎర్ర లైటు వెలిగేసరికే ఆలస్యమై ఉండొచ్చు.

దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో ఆ ఆలస్యం రెండు నెలలు. 4 కిలోమీటర్లకు పైగా లోతున్న బావుల్లోకి విడతలవారీగా నీళ్లు పంపారు. 2017 ఏప్రిల్‌లోనే 3ని మించిన కుదుపు వచ్చింది. సెప్టెంబరులో చివరి విడత ముగిసింది. నవంబరు 15న 5.5 తీవ్రతతో భూకంపం వచ్చింది. బాసెల్‌తో పోలిస్తే విడుదలైన శక్తి వెయ్యి రెట్లకు పైగా ఎక్కువ. వందమందికి పైగా గాయపడ్డారు. మర్నాడు దేశమంతటా కాలేజీ ప్రవేశ పరీక్ష ఉంది. విమానాలు కూడా ఆపి పిల్లల్ని రాయనిచ్చే పరీక్ష అది. దాన్ని ఆ రాత్రే వారం పాటు వాయిదా వేశారు. ప్రకృతి విపత్తు కారణంగా ఆ పరీక్ష వాయిదా పడటం అదే మొదటిసారి. ఎంసెట్‌కు (ఇప్పటి ఈఏపీసెట్) ముందురోజు రాత్రి అలాంటి ప్రకటన వస్తే తెలుగు ఇళ్లలో ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

ప్రభుత్వం నియమించిన పరిశోధక బృందం 2019 మార్చిలో తేల్చిందేమిటంటే, నీళ్లు పంపినప్పుడు పటాల్లో ఎక్కడా లేని ఒక పగులు కదిలింది. అప్పటికే జారడానికి సిద్ధంగా ఉన్న పగులు అది. వరసగా వచ్చిన చిన్న కుదుపులన్నీ ఒకే పలకలా సర్దుకుని దాని ఉనికిని చూపిస్తున్నాయి. వాటిని ఎప్పటికప్పుడు విశ్లేషించి ఉంటే ఆ హెచ్చరిక కనిపించేది. సమాచారం ఉంది, దాన్ని సకాలంలో చదివిన ఏర్పాటు లేదు. ఈ పరిశోధన పోస్టుల అవసరాన్ని ఒక్క ఉదాహరణతో చెప్పాలంటే పోహాంగ్ చాలు.

వేడి, కార్బన్, హైడ్రోజన్: ఒక్కోదానికి ఒక్కో భయం

ప్రకటనలో మూడూ కలిపి రాసినా మూడింటి స్వభావం ఒకటి కాదు. నెదర్లాండ్స్‌లో ఎక్కువగా జరిగేది బాసెల్ తరహా పని కాదు. అక్కడ 2 కిలోమీటర్ల లోతు ఇసుకరాయిలో నీళ్లు సహజంగానే ఉంటాయి. కిలోమీటరు దిగితే దాదాపు 30 డిగ్రీలు వేడెక్కుతుంది కాబట్టి ఆ నీళ్లు 70-80 డిగ్రీల దాకా ఉంటాయి. ఒక బావిలోంచి తీసి, వేడి లాక్కుని, చల్లారిన నీళ్లను రెండో బావిలో తిరిగి పంపుతారు. ఎంత తీశారో అంతే పంపుతారు కాబట్టి మొత్తం ఒత్తిడి పెద్దగా మారదు. 2007లో ఈ వేడిని మొదట వాడుకున్నది బ్లైస్వైక్‌లో టమాటా పండించే ఒక గ్రీన్‌హౌస్ రైతు. ఇప్పటికీ అక్కడి జియోథర్మల్ వేడిలో ఎక్కువ భాగం గ్రీన్‌హౌస్‌లకే వెళ్తుంది. ఇక్కడ భయం వేరే. పంపిన చల్లటి నీళ్లు తొందరగా వేడి బావిని చేరితే ప్రాజెక్టు ఆయుష్షు తగ్గిపోతుంది.

కార్బన్ నిల్వకు నార్వే అనుభవం పెద్దది. ఉత్తర సముద్రంలోని స్లైప్నర్ క్షేత్రంలో 1996 నుంచి ఏటా పది లక్షల టన్నుల వరకూ కార్బన్ డయాక్సైడ్‌ను సముద్రపు అడుగు కింద ఇసుకరాయిలోకి పంపుతూ వచ్చారు. కొన్నేళ్లకోసారి అదే చోట అదే సర్వే చేసి పోల్చితే, వాయువు పొరపొరగా ఎలా పరుచుకుందో స్పష్టంగా కనిపించింది. అదే దేశంలో స్నోవిట్ క్షేత్రంలో 2008లో మొదలుపెడితే ఒత్తిడి అనుకున్నదానికన్నా వేగంగా పెరిగింది. కొలతలు చూస్తూ ఉన్నారు కాబట్టి పొర పగలకముందే 2011లో వేరే పొరలోకి మళ్లించగలిగారు. ఒకే కంపెనీ, ఒకే పరిజ్ఞానం, అయినా రెండు చోట్ల రాయి రెండు రకాలుగా ప్రవర్తించింది. ఒకచోట సరిపోయింది కదా అని ఇంకోచోట కొలవడం మానడానికి వీల్లేదు.

హైడ్రోజన్ అణువు చాలా చిన్నది, చురుకైనది. ఒకే ఒత్తిడి దగ్గర, ఒకే పరిమాణంలో అది మోసే శక్తి సహజవాయువులో మూడో వంతే. అంటే అంతే శక్తికి మూడు రెట్ల చోటు కావాలి. ఉప్పు పొరల్లో నీళ్లతో కరిగించి చేసిన గుహలు దీనికి బాగా పనికొస్తాయి, ఉప్పు తన పగుళ్లను తానే మూసుకుంటుంది. ఇంగ్లండ్‌లోని టీసైడ్‌లో 1972 నుంచి అలాంటి గుహల్లో హైడ్రోజన్ దాస్తున్నారు. అయితే గుహను నెలకోసారి నింపి ఖాళీ చేస్తే ఉప్పు ఎలా సాగుతుంది, పైన నేల ఎంత కుంగుతుంది అన్నవి ఇంకా తేల్చుకోవలసినవే.

పోస్టులో చేరిన మనిషి రోజూ చేసేదేమిటి

నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయం తన క్యాంపస్‌లోనే 2 కిలోమీటర్లకు పైగా లోతు బావులు తవ్వించింది. అవి క్యాంపస్ భవనాలకు వేడినివ్వడానికి తవ్విన బావులే, పరిశోధనకు ప్రయోగశాల కూడా. బావి గొట్టం వెంట ఫైబర్ ఆప్టిక్ కేబుల్ దింపారు. ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే రకం గాజు తీగే. దాని ఒక చివర లేజర్ వెలుగు పంపితే, గాజులోని అతి సూక్ష్మమైన లోపాల దగ్గర కొద్దిగా వెనక్కి చెదురుతుంది. ఎక్కడైనా తీగ వెంట్రుకలో వందోవంతు కన్నా తక్కువ సాగినా ఆ చెదిరే తీరు మారుతుంది. అలా ఒక్క కేబుల్ వేల జియోఫోన్లకు సమానమవుతుంది. అది ఏళ్ల తరబడి లోపలే ఉంటుంది, దగ్గరికి మనిషి వెళ్లనక్కర్లేదు.

స్విట్జర్లాండ్‌లో జ్యూరిక్‌లోని ఈటీహెచ్ విశ్వవిద్యాలయం ఇంకో దారి పట్టింది. ఆల్ప్స్‌లో వాడకంలో లేని బెడ్రెట్టో సొరంగంలో 2019లో భూగర్భ ప్రయోగశాల తెరిచింది. పైన కిలోమీటరుకు మించిన రాయి. పగులుకు కొన్ని మీటర్ల దూరంలోనే సెన్సర్లు పెట్టి, కొద్దికొద్దిగా నీళ్లు పంపి, అది ఎప్పుడు ఎలా జారుతుందో చూస్తారు. బాసెల్‌లో 5 కిలోమీటర్ల పైనుంచి విన్నదాన్ని ఇక్కడ పక్కనే కూర్చుని వింటారు.

పోస్టులో చేరిన మనిషి ఎక్కువ సమయం గడిపేది మాత్రం కంప్యూటర్ ముందే. కేబుల్ రోజుకు టెరాబైట్ల లెక్కన డేటా ఇస్తుంది. ట్రామ్ వెళ్లిన కుదుపు, గాలి, పంపు మోత అన్నీ అందులో ఉంటాయి. వాటి మధ్యలోంచి పగులు చేసిన చిన్న చప్పుడును ఏరాలి. ఇక్కడే పైథాన్, మెషీన్ లెర్నింగ్ అవసరం పడుతుంది. ఆ చప్పుళ్ల నుంచి ఒత్తిడిని, ఒత్తిడి నుంచి ప్రమాదాన్ని లెక్కగట్టాలి. అందుకే ఎంపికలో భౌతికశాస్త్రం, గణితం, ప్రోగ్రామింగ్ పునాదికి ఎక్కువ విలువ ఉంటుంది. జియోఫిజిక్స్ డిగ్రీ లేని ఫిజిక్స్, సివిల్ విద్యార్థులకూ దారి ఉంటుంది. నెదర్లాండ్స్‌లో పీహెచ్‌డీ చేసేవాళ్లు విద్యార్థులుగా కాక ఉద్యోగులుగా చేరతారు. సాధారణంగా నాలుగేళ్ల కాంట్రాక్టు, ఒప్పందం ప్రకారం జీతం. స్కాలర్‌షిప్ కోసం విడిగా తిరగాల్సిన పని ఉండదు. పోస్ట్‌డాక్ గడువు అంతకన్నా తక్కువ, అది ప్రాజెక్టు డబ్బు ఉన్నంతవరకే.

దరఖాస్తు చేసేముందు ఒక విషయం చూసుకోవడం మంచిది. ఆ పోస్టుకు డబ్బు ఎవరిస్తున్నారు, ఫలితాలు ఎవరి అనుమతీ లేకుండా అచ్చు వేసుకోవచ్చా? గ్రోనింగెన్ తర్వాత ఈ ప్రశ్న అడగడానికి మొహమాటపడనక్కర్లేదు.

తెలుగు నేల కింద ఇప్పటికే ఉన్నవి

మనిషి పనుల వల్ల వచ్చే భూకంపాల అధ్యయనంలో భారత్ వెనకబడి లేదు. మహారాష్ట్రలోని కోయనా జలాశయం నిండిన కొన్నేళ్లకు, 1967 డిసెంబరు 10న, 6.3 తీవ్రతతో భూకంపం వచ్చి దాదాపు 200 మంది చనిపోయారు. నీళ్ల బరువూ, పగుళ్లలోకి దిగిన నీటి ఒత్తిడీ కలిసి ఆ పగులును కదిపాయి. బాసెల్‌లో పనిచేసిందీ ఇదే సూత్రం. అప్పటి నుంచి కోయనా కుదుపులను హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా వెంటాడుతున్నారు. అక్కడే గోఠణే దగ్గర 3 కిలోమీటర్ల పరిశోధన బోరు కూడా తవ్వారు. యూరప్ ప్రకటనల్లో అడిగే నైపుణ్యంలో మంచి భాగం ఉప్పల్‌లో ఎప్పటినుంచో ఉంది.

విశాఖపట్నంలో నేల కింద ఇంధనం దాచడం కొత్త కాదు. అక్కడి గట్టి రాతిని తొలిచి చేసిన గుహల్లో 13.3 లక్షల టన్నుల ముడిచమురు దాచే వ్యూహాత్మక నిల్వ ఉంది. ఇంకో గుహలో 60 వేల టన్నుల వంటగ్యాస్ పడుతుంది. గుహకు ఉక్కు తొడుగు ఉండదు. చుట్టూ రాతి పగుళ్లలో ఉన్న నీళ్లే తొడుగు. పైనుంచి వరసగా సన్నటి బోర్లు వేసి నీళ్లు నింపుతూ ఉంటారు. గ్యాస్ ఒత్తిడి కన్నా చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి ఎక్కువగా ఉన్నంతకాలం నీళ్లు లోపలికి చెమర్చుతాయి, గ్యాస్ బయటికి పోలేదు. ఆ తేడా ఎప్పుడూ తగ్గకుండా కాపలా కాయాలి. హైడ్రోజన్ నిల్వ గురించి ఇక్కడ ఎవరైనా ఆలోచిస్తే మొదలుపెట్టేది ఈ అనుభవంతోనే.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు ప్రాంతంలో బొగ్గు కోసం వేసిన బోర్లలో వేడి నీళ్లు తమంతట తామే పైకి పొంగాయి. పగిడేరు దగ్గర సింగరేణి ఆ నీళ్లతో 20 కిలోవాట్ల ప్రయోగాత్మక ప్లాంటు పెట్టింది. ఆ వేడికి నీళ్లు ఆవిరి కావు కాబట్టి తక్కువ వేడికే మరిగే ఇంకో ద్రవాన్ని మరిగించి టర్బైన్ తిప్పుతారు. 20 కిలోవాట్లు చాలా చిన్న మొత్తం. గోదావరి లోయ కింద వేడి నీళ్లు ఎంత మేర పరుచుకున్నాయి, ఎన్నేళ్లు తీస్తే చల్లబడతాయి అన్నది తెలిస్తేనే పెద్ద ప్లాంటు సంగతి మాట్లాడొచ్చు. కేంద్రం 2025లో జియోథర్మల్ విధానం ప్రకటించింది, లద్దాఖ్‌లోని పుగా లోయలో ఓఎన్‌జీసీ పని మొదలుపెట్టింది. కాబట్టి ఈ ప్రశ్న మణుగూరుకూ వస్తుంది.

అన్నిటికన్నా గ్రోనింగెన్‌కు దగ్గరగా ఉన్నది కోనసీమ. 1995 జనవరిలో పాశర్లపూడి బావి పేలి రెండు నెలలకు పైగా మండింది. ఆ మంట చూసిన ఊళ్లలో నేల కింద పని అంటే భయం ఇప్పటికీ ఉంది. గ్యాస్ తీయడం వల్ల నేల కుంగుతోందని, ఉప్పునీళ్లు పొలాల్లోకి వస్తున్నాయని రైతులు ఏళ్లుగా చెబుతున్నారు. ఈ మాటను కొట్టిపారేయడం తప్పు, విచారించకుండా ఒప్పేసుకోవడమూ తప్పే. డెల్టా మట్టి తన బరువుకు తానే కొంత కుంగుతుంది. పైన ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోవడంతో ఆ కుంగుడును పూడ్చే మట్టి రావడం తగ్గింది. చెరువుల కోసం, ఇళ్ల కోసం తోడే భూగర్భ జలమూ ఒక కారణం కావచ్చు. గ్యాస్ వాటా ఎంతో చెప్పాలంటే ఈ నాలుగింటినీ విడదీయాలి. వాటి గుర్తులు వేరువేరుగా ఉంటాయి. లోతు నుంచి గ్యాస్ తీస్తే బావుల చుట్టూ వెడల్పాటి గిన్నెలా, ఉత్పత్తి పెరిగినప్పుడు వేగంగా కుంగుతుంది. నీళ్లు తోడితే వానాకాలం కొంత తిరిగి లేస్తుంది. డెల్టా సహజంగా కుంగితే అది ఏ బావితోనూ సంబంధం లేకుండా సాగుతుంది.

విడదీయడానికి కావలసిన సాధనాల్లో ఒకటి తెలుగు నేల మీదినుంచే ఎగిరింది. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నాసా, ఇస్రోల నైసార్ ఉపగ్రహం 12 రోజులకోసారి అదే చోటికి వచ్చి, నేల సెంటీమీటర్ల మేర కదిలినా రాడార్‌తో కొలుస్తుంది. అంతకుముందున్న చాలా రాడార్ ఉపగ్రహాల తరంగాలు పొట్టివి, ఆకులకే తగిలి చెదిరిపోయేవి. అందుకే తోటల కింద నేల ఎంత కదిలిందో చెప్పడం కష్టమయ్యేది. నైసార్ రాడార్లలో ఒకదాని తరంగం పొడవు 24 సెంటీమీటర్లు. అది ఆకులను దాటుకుని నేల దాకా వెళ్లి రాగలదు. రాజోలు, అమలాపురం చుట్టూ కమ్ముకున్న కొబ్బరి తోటల కింద నేల కుంగుతోందా, ఎక్కడ, ఏ బావికి ఎంత దూరంలో అన్నది ఇప్పుడు మండలాలవారీగా కొలవడానికి వీలుంది. ఆ కొలతను నేల మీద జీపీఎస్ స్తంభాలతో సరిచూసి, బావుల ఉత్పత్తి లెక్కల పక్కన పెట్టి చదవడానికి మనిషి కావాలి. అలాంటి పోస్టు ఒకటి విశాఖలోనో హైదరాబాద్‌లోనో, గ్యాస్ తీసేవాళ్ల జీతం మీద ఆధారపడకుండా ఉంటే, అస్సెన్‌లో ఏడేళ్లు పట్టిన జవాబు కోనసీమ రైతుకు అంతకన్నా ముందే దొరుకుతుంది.